రెండో ఉత్తరం

"నువ్వు ఈ మధ్య 'ప్రార్థన చెయ్యమ్మా' అని అడగట్లేదు నాన్నా. అంతా బాగుందన్నమాట," అంది అమ్మ ఫోన్లో.

సంతోషంగానే అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడవడం ఆమెకు రాక కాదు, బాగా వచ్చు. కానీ ఆ రోజు ఆ గొంతులో ఉన్నది ఒట్టి నిశ్చింత. కొడుకు గట్టున పడ్డాడు, ఇక వాడి కోసం తెల్లవారుజామునే లేచి కూర్చోనక్కర్లేదు అనే నిశ్చింత. "అవునమ్మా, దేవుడి దయ" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఎందుకంటే ఆమె లెక్క తప్పలేదు. ఉద్యోగం పోయి పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్న రోజుల్లో అమ్మకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసేవాణ్ని. రెండుసార్లూ ఒకటే మాట. ఇంటర్వ్యూ ఉందమ్మా, ప్రార్థన చెయ్యి. వాళ్ల దగ్గర్నుంచి కబురు రాలేదమ్మా, ప్రార్థన చెయ్యి. తర్వాత ఉద్యోగం దొరికింది, నిలబడింది, ఒక మెట్టు పైకి కూడా ఎక్కింది. అమ్మతో మాట్లాడటం మానలేదు. కాకపోతే మాట్లాడే విషయాలు మారాయి. పిల్లల మార్కులు, కొత్త ఇల్లు, ఆమె మోకాళ్ల గురించి డాక్టరు ఏమన్నాడు. ఆ పాత మాట ఎప్పుడు రాలిపోయిందో నాకే తెలీదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అల్మారా అడుగు అరలోంచి పాత నోట్‌బుక్ తీశాను. ఆ పదకొండు నెలలూ ప్రార్థనలు రాసుకున్న పుస్తకం అది. పని లేనివాడికి రాసుకోవడానికి టైముంటుంది కదా. చిన్న చిన్న అక్షరాలు, పేజీకి రెండు వైపులా. "ప్రభువా, రేపటి ఇంటర్వ్యూలో నా నోరు తడబడకుండా చూడు." "మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. చేయించు." "పిల్లల ఫీజు." ఒక తేదీ కింద "ఏమీ తోచట్లేదు తండ్రీ" అని తప్ప ఇంకేమీ లేదు. అలా సగం పుస్తకం నిండింది. ఆ తర్వాత ఒక పేజీ మొత్తానికీ ఒకే మాట: "స్తోత్రం". పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు, కింద రెండు గీతలు. పేజీ తిప్పాను. హోమ్‌లోన్ ఈఎమ్ఐ లెక్కలు. ఆ వెనక కొత్త ఇంటి పడకగది బొమ్మ, మంచం ఏ గోడకు వేయాలో బాణం గుర్తుతో సహా. ఇంకో పేజీలో కరెంటు పనివాడికి చెప్పాల్సిన పాయింట్లు. ఆ పైన అన్నీ ఖాళీ.

మంచం ఎక్కడ వేయాలో ఆలోచించడం పాపం కాదు. ఇల్లు కావాలని అడిగినవాడు ఇల్లొచ్చాక మంచం సంగతి చూసుకోకపోతే ఎలా? నా చూపు ఆగిపోయింది ఆ "స్తోత్రం" పేజీ దగ్గర. పూర్తిగా తీరిపోయిన అప్పు రసీదు మీద వేసిన సంతకంలా కనిపించింది అది. అడిగాను, ఇచ్చావు, అందింది, థాంక్స్. ఖాతా క్లోజ్.

"ఆపద మొక్కులు, సంపద మరపులు" అన్నారు మనవాళ్లు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని కూడా అన్నారు. ఇన్నాళ్లూ ఈ సామెతలు ఎవరికో వర్తిస్తాయనుకున్నాను. నేను మల్లన్నను బోడి మల్లన్న అనలేదు కదా! భోజనానికి ముందు వందనాలు చెబుతూనే ఉన్నాను. ఆరాధన మానలేదు. ఇవ్వాల్సింది ఇస్తున్నాను. ఎవరైనా ఎలా ఉన్నారంటే "దేవుడి కృప" అనే అంటున్నాను. కృతజ్ఞత లేనివాణ్ని కాదు. అయినా ఏదో పోయింది, అదేమిటో పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది.

పోయింది ఆధారపడటం. కృతజ్ఞతా, ఆధారపడటమూ బొమ్మా బొరుసూ అనుకుంటూ వచ్చాను, ఒకటుంటే రెండోది ఉన్నట్టే అని. అలా ఏమీ లేదు. ఒకటి ఉండి రెండోది లేకుండా ఏళ్లకేళ్లు గడిచిపోవచ్చు, పక్కవాళ్లకే కాదు, మనకూ తెలియకుండా. కలిమిలో దేవుణ్ని మరిచిపోయేవాళ్ల గురించి బోలెడు ప్రసంగాలు విన్నాను. మరిచిపోకుండా, చక్కగా థాంక్స్ చెబుతూనే, ఆయన అవసరం లేకుండా బతికేవాళ్ల గురించి తక్కువ విన్నాను. నాకైతే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తోంది. మొదటివాడికి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేశానన్న స్పృహ కలుగుతుంది. రెండోవాడికి ఆ అవకాశం కూడా లేదు.

ఇది అతిగా అనిపిస్తే లూకా సువార్త 18వ అధ్యాయం తీసి చూడండి. ధర్మశాస్త్రాన్ని తు.చ. తప్పక పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ఇద్దరూ దేవాలయానికి వెళ్లిన ఉపమానం. సండేస్కూల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పరిసయ్యుడు గర్విష్ఠి, సుంకరి వినయవంతుడు, అంతే, ఇంటికి పోయేవాళ్లం. మొన్న మళ్లీ చదివితే ఇంకో సంగతి కంటబడింది. పరిసయ్యుడి ప్రార్థన మొదలైందే కృతజ్ఞతతో. ఇతరుల్లాంటివాణ్ని కానందుకు నీకు వందనాలు దేవా అన్నాడు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనంతటిలో పదోవంతు, అన్నీ చెప్పాడు. మొత్తం ప్రార్థనలో ఒక్కటి మాత్రం లేదు. ఏమీ అడగలేదు. సుంకరి ప్రార్థనలో అడగడం తప్ప ఇంకేమీ లేదు, నన్ను కరుణించు అని ఒక్క వాక్యం. నీతిమంతుడిగా తీర్పు పొంది ఇంటికి వెళ్లింది సుంకరే. గర్వం కృతజ్ఞత బట్టలు కట్టుకుని గుడికి వెళ్లగలదన్న మాట. ఈ సంగతి నాకు సండేస్కూల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినా అప్పుడు నాకు అర్థమై ఉండేది కాదులెండి, ఆ వయసులో పోగొట్టుకోవడానికి నా దగ్గర ఏముంది గనుక.

కానీ నన్ను బాగా కుదిపిన కథ ఇది కాదు. హిజ్కియా కథ.

యూదా రాజుల్లో మంచివాడిగా పేరున్న హిజ్కియా దగ్గరకు అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు సైన్యం వచ్చింది. క్రీ.పూ. 701 నాటి మాట. ఇది బైబిల్లోనే కాదు, సన్హెరీబు సొంత శాసనాల్లో కూడా ఉంది. హిజ్కియా ప్రాకారాలున్న పట్టణాలు 46 పట్టుకున్నానని, అతన్ని యెరూషలేములో పంజరంలో పిట్టలా మూసేశానని రాయించుకున్నాడు. ఆ సమయంలోనే బెదిరిస్తూ ఒక ఉత్తరం వచ్చింది. మీ దేవుణ్ని నమ్ముకుని మోసపోకు, మిగతా దేశాల దేవుళ్లు ఎవర్నీ కాపాడలేకపోయారు అని. రెండవ రాజులు 19వ అధ్యాయంలో హిజ్కియా చేసిన పని నాకు చాలా ఇష్టం. ఆ ఉత్తరం చదివి, దాన్ని తీసుకుని దేవుని మందిరానికి వెళ్లి, ఆయన ముందు పరిచాడు. ప్రార్థన మొదలుపెట్టకముందే ఉత్తరాన్ని పరిచిన ఒక మనిషి. నువ్వే చదువు అన్నట్టు. నా నోట్‌బుక్ కూడా అలాంటిదే కదా అనుకున్నాను.

ఇప్పుడు దాని తర్వాతి అధ్యాయం. హిజ్కియాకు చావు జబ్బు చేసింది. గోడ వైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. అతను కృతజ్ఞత చూపలేదా అంటే, చూపాడు. అదీ మాటతో సరిపెట్టలేదు, కోలుకున్నాక ఒక స్తుతిగీతమే రాశాడు. యెషయా గ్రంథం 38లో ఉంది, మంచి కవిత్వం. బతికి ఉన్నవాళ్లే నిన్ను స్తుతిస్తారు, ఈ రోజు నేను స్తుతిస్తున్నట్టు అన్నాడు. ఆ వెంటనే, 39వ అధ్యాయం మొదట్లోనే, రెండో ఉత్తరం వచ్చింది. బబులోను (బాబిలోన్) నుంచి. ఇందులో బెదిరింపు లేదు. కానుకలు కూడా వచ్చాయి. నీకు ఒంట్లో బాగాలేదని, తర్వాత కోలుకున్నావని విన్నాం అంటూ పలకరింపు.

ఆ ఉత్తరాన్ని హిజ్కియా ఎక్కడా పరచలేదు.

పరచాలని కూడా అతనికి తట్టి ఉండదు. మంచి కబురుకి ప్రార్థన ఎందుకు? వచ్చినవాళ్లను చూసి సంబరపడ్డాడు. వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, మంచి తైలం, ఆయుధశాల, అన్నీ తిప్పి చూపించాడు. తన ఇంట్లో గానీ రాజ్యంలో గానీ చూపించనిది ఏదీ లేదని రాసి ఉంది. తర్వాత యెషయా ప్రవక్త వచ్చి అడిగిన ప్రశ్నలు ఎంత మామూలుగా ఉంటాయో చూడండి. వాళ్లు ఏమన్నారు? ఎక్కడి నుంచి వచ్చారు? నీ ఇంట్లో ఏమేం చూశారు? అన్నీ చూశారన్నాడు హిజ్కియా. ఆ చూసినవన్నీ ఒకరోజు బబులోనుకు పోతాయని ప్రవక్త చెప్పాడు. అలాగే పోయాయి కూడా, వందేళ్లు దాటాక.

శత్రువు రాసిన ఉత్తరాన్ని దేవుడి ముందు పరిచినవాడే మిత్రుడు రాసిన ఉత్తరాన్ని జేబులో పెట్టుకున్నాడు. రెంటి మధ్యలో ఒక స్తుతిగీతం ఉంది. నేను కృతజ్ఞతనూ ఆధారపడటాన్నీ ఎందుకు విడదీస్తున్నానో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నా దగ్గర లేదు. పాట నిజాయితీగా రాసిందే. కన్నీళ్లూ నిజమే. అయినా మంచి కబురు వచ్చేసరికి మందిరానికి దారి గుర్తు రాలేదు.

కష్టంలో ఆధారపడటం గొప్ప విషయం కాదని అనను గానీ, అందులో మన ప్రమేయం తక్కువ. స్కూల్లో గజేంద్ర మోక్షం పద్యం వచ్చినప్పుడు "లావొక్కింతయు లేదు" అనగానే క్లాసంతా నవ్వేవాళ్లం, ఏనుగు లావు లేదంటుందేమిట్రా అని. లావంటే బలం అని మాస్టారు చెప్పాక కూడా కొందరు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు కదిలిపోతున్నాయి. ఆ స్థితిలో నీవే తప్ప ఇతరులు లేరని అనిపించడం సహజం. అక్కడ వేరే దారి మిగలదు. అదే ఏనుగు అంతకుముందు గుంపుతో కలిసి అదే మడుగులో దిగి నీళ్లు చల్లుకుంటూ ఆడుకుంటున్నప్పటి సంగతి ఏమిటి? అప్పుడు ఏమని పిలవాలి? నాకు కావలసిన పద్యం అది, ఎవరైనా రాసి ఉంటే బాగుండును.

అసలు కలిమిలో ఆధారపడటం ఎందుకు ఆవిరైపోతుందో మోషేకు బాగా తెలుసు. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం చదివితే, అరణ్యం దాటి మంచి దేశంలో అడుగుపెట్టబోతున్న తన ఇశ్రాయేలు జనాన్ని చూసి ఆయన భయపడుతున్నట్టు ఉంటుంది. నలభై ఏళ్లు ఎడారిలో తిరిగినప్పుడు పడని భయం ఇప్పుడు. గోధుమలు, యవలు, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ నూనె, తేనె, కొండల్లో రాగి, అన్నీ నోరూరించేలా వర్ణించి, కడుపు నిండాక జాగ్రత్త అంటాడు.

ఆ జాగ్రత్త ఎందుకో యెహోషువ 5వ అధ్యాయంలో ఒక చిన్న వచనం చూస్తే అర్థమవుతుంది. ఆ మంచి దేశమైన కనాను పంట తిన్న మర్నాటి నుంచి, ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం, మన్నా, ఆగిపోయింది. అంతే రాసి ఉంది. వీడ్కోలు లేదు, ప్రకటన లేదు. నలభై ఏళ్లు రోజూ పొద్దున్నే నేల మీద కనిపించినది ఒకరోజు కనిపించలేదు. మన్నా ఉన్నన్నాళ్లూ దేవుడు పోషిస్తున్నాడని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రేపటికి దాచుకుంటే పురుగు పట్టేది, విశ్రాంతిదినానికి దాచుకున్నది ఒక్కటే నిలిచేది. దాచుకోవడం కుదరని చోట అడగక తప్పదు. ఇప్పుడు ధాన్యం వచ్చింది. ధాన్యం నిలవుంటుంది. కొట్లో పోసుకోవచ్చు, తాళం వేసుకోవచ్చు. పెట్టేది అదే చెయ్యి, కానీ ఇప్పుడది పైనుంచి కిందికి దిగుతూ కనిపించదు. మట్టిలోంచి, నాగలిలోంచి, మన చెమటలోంచి వస్తుంది. నెలాఖరున అకౌంట్లో జీతం పడినట్టు మెసేజ్ వస్తుంది. అందులో దేవుడి పేరు ఉండదు.

ఇక్కడే "ఇదంతా నా చేతి బలం సంపాదించింది" అన్న మాట పుడుతుంది. దానికి మోషే ఇచ్చిన జవాబు చూడండి. నువ్వేం కష్టపడలేదు అని అనలేదు. సంపాదించుకోవడానికి సామర్థ్యం ఇచ్చేది ఆయనే అన్నాడు. కష్టం నీదే, సామర్థ్యం అరువు. ఇది నాకు ఊరటనిచ్చింది. వినయం కోసం అబద్ధం ఆడనక్కర్లేదు. ఆ ఉద్యోగానికి నేను రాత్రిళ్లు కూర్చుని చదివాను, అది నిజం. కానీ నా రెజ్యూమె సరైన మనిషి చేతికి చేర్చింది నేను ఒకే ఒక్కసారి కలిసిన వ్యక్తి. నాకన్నా ముందు ఆ ఆఫర్ అందుకున్నవాళ్లు వద్దనుకున్నారని చేరాక తెలిసింది. ఇంటర్వ్యూ నాటికి వారం ముందు పట్టుకున్న జ్వరం తగ్గింది. ఈ మూడింట్లో నా చేతి బలం ఎక్కడుంది? అప్పుడు నోట్‌బుక్‌లో ఇవన్నీ రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా కథలోంచి అవి మాయమయ్యాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు "మీరెలా వచ్చారు సార్" అని అడిగితే రాత్రిళ్లు చదవడం గురించి మాత్రమే చెబుతున్నాను.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ 1786లోనే ఈ మెలికను గుర్తించి దిగులుపడ్డాడు. ఎక్కడ సంపద పెరిగితే అక్కడ భక్తి సారం అంతే మేరకు తగ్గుతోందని రాశాడు. ఆయన చెప్పిన కారణం ఇంకా ఇబ్బందికరం. భక్తి మనిషిని కష్టపడి పనిచేసేవాడిగా, పొదుపుగా ఉండేవాడిగా చేస్తుంది. ఆ రెండూ డబ్బు తెస్తాయి. డబ్బు గర్వాన్ని తెస్తుంది. అంటే భక్తి తన గొయ్యి తానే తవ్వుకుంటుందన్న మాట. మరి ఏం చేయాలి? సంపాదించండి, పొదుపు చేయండి, చేయగలిగినంతా ఇచ్చేయండి అన్నాడాయన. మూడోది వదిలేసి మొదటి రెండు పాటించడంలో మనం ఆరితేరాం.

ఈ విషయంలో నాకు సాక్ష్యాల మీద, అంటే దేవుడు తమకు చేసిన మేలును చర్చిలో నిలబడి చెప్పే మాటల మీద, కూడా కొంచెం కోపం ఉంది. సాక్ష్యం చెప్పడం తప్పు అనడం లేదు, నేనూ చెప్పాను. కానీ ఆ పదకొండు నెలల్లో, బహుశా ఎనిమిదో నెలలో, ఒకాయన నిలబడి ప్రమోషన్ వచ్చిందని చెప్పి, "నమ్మినవాణ్ని దేవుడు కిందపడనివ్వడు" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను చివరి వరసలో తల వంచుకుని నేల మీద టైల్స్ లెక్కపెడుతూ కూర్చున్నాను. అడ్డంగా పద్నాలుగు, ఒకటి పగిలి ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన ఆనందం నిజమైనదే. కానీ ఆ సాక్ష్యంలో దేవుడు ఆయనకు ర్యాంకు ఇచ్చిన బోర్డులా ఉన్నాడు. సంపదే నమ్మకానికి సర్టిఫికెట్ అయితే లేమిలో ఉన్నవాడు ఫెయిలైనట్టే కదా. ఇలాంటి కృతజ్ఞత పక్కవాడికి ఊపిరాడనివ్వదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఇంకోటి ఉంది, దాన్నీ ఆధారపడటం అనలేం. అన్నీ బాగున్నప్పుడు కొందరికి వణుకు పుడుతుంది. మరీ బాగుంది, ఏదో ముంచుకొస్తుంది అని. ఉన్నది పోకుండా ఉండాలని ప్రార్థన చేస్తారు, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టినట్టు. నేనూ కొన్నాళ్లు అలా చేశాను. అది దేవుడి మీద ఆధారపడటం కాదు, ఉన్నవాటి మీద ఆధారపడుతూ దేవుణ్ని కాపలా పెట్టుకోవడం. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో ధనవంతులకు చెప్పమన్నది ఏమిటంటే, అస్థిరమైన ధనం మీద కాకుండా, అనుభవించడానికి అన్నీ ధారాళంగా ఇచ్చే దేవుడి మీద నమ్మకం పెట్టుకోమని. అనుభవించడానికి. ఆ మాట అక్కడుంది. భయపడుతూ తినమని ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఒక స్నేహితుడితో అంటే అతను ఒక ప్రశ్న వేశాడు. "పిల్లలు ఎదిగి సొంత కాళ్ల మీద నిలబడితే తల్లిదండ్రులు సంతోషిస్తారు. ముప్పై ఏళ్ల కొడుకు ఇంకా చెయ్యి పట్టుకుని నడిపించమంటే ఏ తండ్రి మెచ్చుకుంటాడు? దేవుడు అంతకన్నా చిన్నమనసు గలవాడా?" మంచి ప్రశ్న. వెంటనే జవాబు తట్టలేదు. తర్వాత ఆలోచిస్తే రెండు సంగతులు తోచాయి. నా కాళ్ల మీద నేను నిలబడ్డా ఆ కాళ్లు మా అమ్మానాన్న రోజూ కొత్తగా ఇస్తున్నవి కావు. దేవుడి విషయంలో అలా చెప్పలేను. ఇప్పుడు పీలుస్తున్న ఊపిరి నిన్నటి స్టాకులోంచి రావట్లేదు. ఇక రెండోది, నా సొంత ఇంట్లోనే కనిపించింది. అమ్మ డబ్బు మీద నేను ఆధారపడటం ఎప్పుడో మానేశాను, అందుకు ఆమె సంతోషించింది కూడా. కానీ నాకు భయం వేస్తున్నది ఏమిటో చెప్పడం కూడా దాంతోపాటే మానేశాను. మా మాటలు వార్తల బులెటిన్ అయిపోయాయి. దీన్ని ఎదుగుదల అనాలో, దూరం అనాలో మీరే చెప్పండి.

సరే, మరి అన్నీ ఉన్నవాడు ఏం అడగాలి? నిజంగా అడుగుతున్నాను, ఇదేదో నాటకం కాకూడదు కదా. కొట్టు నిండా ధాన్యం పెట్టుకుని, యేసు నేర్పిన ప్రార్థనలోలా "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అంటే నవ్వులాటలా ఉండదూ? కొన్ని వారాలు ఆ వాక్యం దగ్గర నోరు రాక ఆగిపోయాను. చివరికి "మా" అన్న మాట కాపాడింది. "నా" అని లేదు. నా పళ్లెం నిండినా ఆ "మా" ఇంకా నిండలేదు. నాది నిండింది కాబట్టి ఆ ప్రార్థనకు జవాబులో కొంత భాగం నా కొట్లోనే ఉండి ఉండవచ్చు. ఈ సంగతి తెలిశాక ఆ వాక్యం మునుపటికన్నా బరువైంది. లేనప్పుడు అడగడమే తేలికని ఒప్పుకుంటాను.

లేవీయకాండం 25లో ఏడో ఏట భూమిని బీడు వదిలేయమన్న నియమం ఉంది. దాన్ని చాలాకాలం వ్యవసాయపు లెక్కగా చూశాను. కానీ అది భూమి ఉన్నవాడికే వర్తించే నియమం కదా. ఏమీ లేనివాడు దేన్ని బీడు వదులుతాడు? కలిగినవాడు ఆధారపడటం మరిచిపోకుండా ఉండటానికి పెట్టిన అభ్యాసం అది. అందులో జనం అడగబోయే ప్రశ్న కూడా ముందే రాసి ఉంది: ఏడో ఏట మేమేం తినాలి? ఆ ప్రశ్న మనిషి నోట్లోంచి మళ్లీ రావడమే ఆ నియమం సాధించిన పని అనిపిస్తుంది నాకు. నాకు పొలం లేదు. వారానికి ఒకరోజు ఆఫీసు ఫోన్ ఆపేసి చూశాను. మొదటి రెండు వారాలు చేతులు వణికాయి, అతిశయోక్తి కాదు. నేను లేకపోతే ఏదో కూలిపోతుందన్న టెన్షన్. కూలలేదు. కూలకపోవడం చూసి కొంచెం బాధ కూడా వేసింది, దాచడం ఎందుకు.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో, నన్ను బలపరచేవాని యందు సమస్తమూ చేయగలను అన్న వాక్యం ఉంది. పరీక్షలకు వెళ్లేటప్పుడు, ఆపరేషన్‌కు ముందు తలుచుకునే వాక్యం. దాని ముందున్న వచనం ఎవరికీ గుర్తుండదు. ఆకలితో ఉండటం నేర్చుకున్నాను, కడుపు నిండి ఉండటం కూడా నేర్చుకున్నాను అంటాడు. కడుపు నిండి ఉండటానికి కూడా ఆయనకు బలం కావలసి వచ్చింది. చెరలో ఉండి రాశాడా మాట. నేను ఆ పాఠంలో ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను.

పోయిన నెల ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. పెద్ద బాధ్యత, పెద్ద టీమ్, ఒప్పుకుంటే సోమవారంలోగా జవాబివ్వాలి. మంచి మెయిల్. అందులో నన్ను మెచ్చుకున్న రెండు వాక్యాలు మూడుసార్లు చదువుకున్నాను. రిప్లై బటన్ మీద వేలు ఉంది. అప్పుడు హిజ్కియా గుర్తొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ప్రార్థన చెయ్యి."

"ఏమైందిరా?" గొంతు మారిపోయింది. "ఉద్యోగానికేమైనా అయిందా? పిల్లలు బాగున్నారా?"

"ఏం కాలేదమ్మా. అందరూ బాగున్నారు. ఇంకా పెద్ద పోస్టు ఇస్తామంటున్నారు."

కాసేపు ఏమీ అనలేదు. "అయితే స్తోత్రం చెయ్యాలి గానీ, ప్రార్థన ఎందుకు?"

నా దగ్గర చెప్పడానికి సిద్ధంగా ఉన్న జవాబేమీ లేదు. "ఉత్తరం చదువుతాను, విను," అన్నాను. తేదీ దగ్గర్నుంచి సంతకం దాకా తెలుగులోకి మార్చుకుంటూ మొత్తం చదివాను. మధ్యలో ఒకచోట, టీమ్‌లో ఎవరిని ఉంచాలో ఎవరిని పంపించాలో మొదటి మూడు నెలల్లో నేనే తేల్చాలన్న లైను దగ్గర, నా గొంతు కొంచెం తగ్గింది. అంతకుముందు మూడుసార్లు చదివినప్పుడు ఆ లైను మీద నా కళ్లు ఆగలేదు.

అమ్మ ఆగింది. "ఆ ముక్క మళ్లీ చదువు," అంది.